కంప్యూటర్ పోయిందనే ముందు ఎర్త్ చూడుండ్రి

అందరికి నమస్తే. ముంగట కూసున్న ఐటీఐ పిల్లలకు, షాపులు బందువెట్టి దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ దిక్కుల నుంచి వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు, పొద్దుగాల్నే బస్సెక్కి జడ్చర్ల నుంచి నల్లగొండ దాకా వచ్చిన పాలమూరు దోస్తులకు దండాలు.

బయట చింతచెట్టు కింద తెల్ల కారొకటి నిలవెట్టి ఉన్నది, వచ్చేటప్పుడు చూసే ఉంటరు. నిన్న మాపటికి తాడు కట్టి గుంజుకొచ్చిండ్రు. బ్యాటరీ దిగిపోతే పక్క బండి నుంచి కరెంటు ఇయ్యబోయిండ్రు, జంప్ చేసుడు అంటరు దాన్ని, చీకట్ల ప్లస్సుకు మైనస్సు తగిలింది. ఓనర్ ఒక రైతు. ఆయన జేబుల ఒక కాయితం ఉన్నది. 'ఈసీఎం మార్చాలె, ఇంజన్ వైరింగ్ మొత్తం మార్చాలె' అని అందుల రాసి ఉన్నది. ఈసీఎం అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్. యాసంగి వడ్లు అమ్మిన పైసలు మొత్తం పెట్టినా ఆ లెక్కకు సరిపోవు. వోల్టులు కొలిచే మీటర్ పెట్టి చూసిండ్రా అని అడిగిన. 'లేదు సార్, స్కానర్ పెడితే కనెక్ట్ అయితలేదన్నరు, గంతే' అన్నడు. స్కానర్ అంటే బండి కంప్యూటర్‌తోటి మాట్లాడే మిషను. ఇయ్యాల నేను మాట్లాడేదంతా ఆ కాయితం గురించే.

'కంప్యూటర్ కొట్టేసింది' అనే మాట మన నోట్లకెల్లి చాన అలకగ వస్తది. చెప్పేటోనికి ఒక్క మాటనే, వినేటోనికి ఒక పంట. అందుకే ఆ మాట అనాలంటే ముందు మూడు సంగతులు రుజువు కావాలె. కంప్యూటర్‌కు ప్లస్సు నిండుగ అందుతున్నదా, ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే తొవ్వ, గట్టిగ ఉన్నదా, దానికి తగిలిన వైర్లల్ల ఏదన్న దాన్ని కింద పడేస్తున్నదా. ఈ మూడూ సక్కగుండి కూడా అది పలకకపోతేనే దాని మీద అనుమానం పడాలె.

ఇది నాకు పుస్తకంల దొరకలే. పదేండ్ల కింద ఒక సారు కారు నా దగ్గరికి వచ్చింది. నడుస్తు నడుస్తు ఆగిపోతది, కాసేపటికి మళ్ల స్టార్ట్ అయితది. ఆగినప్పుడు స్కానర్ పెడితే ఇంజన్ కంప్యూటర్ పలకదు. ఎర్త్ వైరుకు మీటర్ పెట్టిన, వైరు తెగలేదని కంటిన్యుటీ బీప్ అన్నది, ఓమ్స్, అంటే కరెంటుకు తగిలే అడ్డు, సున్న చూపించింది. ఇగ ఈసీఎమ్మే పోయిందన్న. హైదరాబాద్ పోయి సెకండ్‌హ్యాండ్ ఈసీఎం తెచ్చి, తాళం మ్యాచింగ్ చేయించి బిగించిన. రెండు రోజులు మంచిగ నడిచింది. మూడో నాడు నాంపల్లి తొవ్వల ఆగింది. సారు ఇంటామె, చిన్న పిల్ల అందులనే ఉన్నరు, మిట్టమధ్యాహ్నం. నేను బండేసుకొని పోయిన. గేర్‌బాక్స్ మీద ఎర్త్ బోల్టు ఉంటది గదా, దాన్ని 10 నంబర్ పానాతోటి ఇప్పి చూస్తే వైరు చివర కన్ను కింద పచ్చగ చిలుం పట్టి ఉన్నది. ఎమెరీ పేపర్ పెట్టి గీకి బిగిస్తే ఐదు నిమిషాల పని. సారు పైసలు సారుకు వాపస్ ఇచ్చిన. కానీ ఆ ఎండల ఆ పిల్ల మొఖం నాకు ఇప్పటికీ యాదికొస్తది.

మరి మీటర్ అబద్ధం చెప్పిందా? చెప్పలే. నేను అడిగిన ప్రశ్ననే తప్పు. ఓమ్స్ చూసేటప్పుడు మీటర్ తన చిన్న బ్యాటరీ నుంచి పంపేది సూది మొనంత కరెంటు. అంత కరెంటు పోవుడానికి చిలుం సందుల ఒక్క చుక్కంత జాగ దొరికినా చాలు. మీకు బత్తాయి తోటలు తెలుసు. డ్రిప్పు పైపుకు ఉప్పు పట్టినప్పుడు గేటు బందుంటే ప్రెషర్ నిండుగనే ఉంటది, నీళ్లు ఇడిస్తేనే కదా చివరి చెట్టుకు అందుతలేవని తెలిసేది. వైరు కూడా గంతే. పది పోగులల్ల తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటర్ల 12 వోల్టులు కనపడతయి. పని చెప్పినప్పుడే దాని బలం బయటపడ్తది.

అందుకే ఎర్త్‌ను ఓమ్స్‌ల కాదు, వోల్టులల్ల చూడాలె, అదీ బండి పని చేస్తుండంగ. మీటర్ డీసీ వోల్టుల మీద పెట్టుండ్రి. నల్ల వైరు బ్యాటరీ మైనస్ గుబ్బకే పెట్టాలె, క్లాంపుకు కాదు. ఎర్ర వైరు ఈసీఎం కప్లర్, అంటే వైర్లన్ని తగిలించే ప్లగ్గు, దాని ఎనుకకెల్లి ఎర్త్ పిన్నుకు. తాళం ఆన్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్ని వేసి చూడుండ్రి. 0.1 వోల్టు లోపల ఉంటే ఎర్త్ మంచిగున్నట్టు. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే తొవ్వల యాడనో చిలుం కూసున్నది. తర్వాత సెల్ఫ్ కొట్టుకుంట చూడాలె, ఎందుకంటే ఇంజన్ ఎర్త్ సరిగ లేకుంటె సెల్ఫ్ కరెంటు వేరే తొవ్వ ఎతుక్కుంటది. ఆ తొవ్వ సన్న సన్న సెన్సార్ వైర్లే అయితే అవి మాడిపోతయి. ప్లస్సు దిక్కు కూడా ఇదే లెక్క: ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ గుబ్బకు, నల్ల వైరు ఈసీఎం ప్లస్ పిన్నుకు. మధ్యల ఎంత వోల్టు కనపడ్తే అంత తొవ్వలనే పోయినట్టు.

బండి వచ్చినంక ముందు పెట్టాల్సింది మీటర్ కాదు, ఒక ప్రశ్న. ఏమైంది? నిదానంగ అడుగుండ్రి, కసురుకోవద్దు. డ్రైవర్ భయపడి దాస్తడు. 'లారీ నుంచి జంప్ చేసిండ్రా? బంపర్‌కు వెల్డింగ్ చేయించిండ్రా? నీళ్లల్ల దిగిందా?' అని పేరు పేరున అడగాలె. ఒక్కో దెబ్బ ఒక్కో జాగల తగులుతది.

ప్లస్సు మైనస్సు ఉల్టా తగిలితే ఏమైతదో చూద్దాం, బయట ఉన్న బండి అదే గదా. బ్యాటరీకి చార్జి ఎక్కించే డైనమో లోపల ఏసీని డీసీ చేసే డయోడ్లు ఉంటయి. మామూలుగ బ్యాటరీ కరెంటును అవి ఎనుకకు పోనీయవు. ఉల్టా తగిలినప్పుడు అన్ని ఒక్కపారి తెరుచుకుంటయి, బ్యాటరీల ఉన్న బలమంతా వాటి మీదికెల్లి దుంకుతది. అప్పుడు బ్యాటరీ పక్కన బోల్టుతోటి బిగించిన పెద్ద ఫ్యూజ్, 80 ఆంపియర్లదో 100దో, అది తెగుతది. తెగితే మంచిదే, అది తన పని చేసింది. ఈసీఎం లోపల కూడా ప్లస్సు వచ్చే మూతి కాడ ఒక రక్షణ డయోడ్ ఉంటది. ఉల్టా కరెంటు రాంగనే అది తన మీద వేసుకొని ఈసీఎం ఫ్యూజ్‌ను తెంపేస్తది. చాన బండ్లల్ల కథ ఇక్కడికే అయిపోతది. రెండు ఫ్యూజులు, కొన్నిసార్లు డైనమో రెక్టిఫయర్, అంటే ఆ డయోడ్ల పళ్లెం. అంతకు మించి ఏం కాదు. కానీ ఫ్యూజ్ తెగిన బండిల స్కానర్ పెడితే కంప్యూటర్ ఎట్ల పలుకుతది? కరెంటే లేదు దానికి. పలకలేదు కాబట్టి పోయిందని కాయితం రాస్తరు.

కొన్నిసార్లు ఆ డయోడ్ అడ్డం పడి తనే చచ్చిపోతది, లోపలనే షార్ట్ అయితది. దాని గుర్తు తెలుసుకోండ్రి. కొత్త ఫ్యూజ్ పెడితే టప్పున తెగుతది, ఈసీఎం కప్లర్ పీకి పెడితే నిలుస్తది. అప్పుడు తప్పు ఈసీఎం లోపలనే అని ఒప్పుకోవచ్చు. అయినా బోర్డు రిపేర్ చేసేటోళ్ల దగ్గరికి తీస్కపోతే ఆ ఒక్క డయోడ్ మార్చి బతికించే అవకాశం ఉన్నది. దయచేసి ఫ్యూజ్ తెగుతున్నదని జాగల రాగి తీగ పెట్టకుండ్రి. ఫ్యూజ్ తెగకపోతే వైరు కాలుతది, వైరుతోటి బండి కాలుతది.

లారీ నుంచి జంప్ చేసుడు ఇంకో బాధ. మన దిక్కు 65వ నంబర్ హైవే మీద, అటు పాలమూరు దిక్కు 44వ నంబర్ మీద రాత్రిపూట బండి ఆగితే సాయానికి వచ్చేది లారీ డ్రైవరే. మంచి మనసుతోటే వస్తడు. కానీ లారీల రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు. ఇక్కడ ప్లస్సు ప్లస్సుకే పెట్టినా దెబ్బనే. ముందు బల్బులు పోతయి, ఎనుక రిలేలు, మ్యూజిక్ సిస్టం, తర్వాత కంప్యూటర్లు. బల్బులన్ని ఒక్కపారి మాడిన బండి వస్తే ఇదే అడుగుండ్రి.

డైనమో చెక్ చేసుడు అనుకుంట బండి నడుస్తుండంగ బ్యాటరీ వైరు ఇప్పే అలవాటు మన పెద్దోళ్లకు ఉండె. పాత డీజిల్ జీపులల్ల నడిచింది. ఇప్పుడది పాపం. డైనమో కరెంటు తాగే బ్యాటరీ ఒక్కపారి మాయమైతే ఆ కరెంటు యాడికి పోవాలె? రక్షణ లేని డైనమోల వోల్టేజి ఒక్క క్షణం 100 దాకా ఎగురొచ్చు. డైనమో చూడాలంటే మీటర్ చాలు. బండి నడుస్తుండంగ బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 దాకా రావాలె. మీటర్‌ను ఏసీకి తిప్పి చూస్తే అర వోల్టు కన్నా ఎక్కువ కనపడొద్దు, కనపడితే డయోడ్ పోయినట్టు. వెల్డింగ్ గురించి ఒక్క మాటనే: బ్యాటరీ మైనస్ తీసి, ఈసీఎం కప్లర్ ఇప్పి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపు అతుకు పెట్టే జాగ పక్కనే బిగించాలె. ఆ ఒక్క మాట వెల్డింగ్ షాపోళ్లకు మీరే పోయి చెప్పుండ్రి.

ఇగ ఎలుకలు. నవ్వకుండ్రి, మన జిల్లాల వైరింగ్‌కు పెద్ద శత్రువు ఇదే. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలు కాంగనే పొలంల ఎలుకలకు జాగ ఉండదు. వడ్లు ఇంటికొస్తయి, ఎలుకలు ఎంటనే వస్తయి. ఇంటి ముంగట నిలవెట్టిన కారు, ఎచ్చటి ఇంజను, సలికాలం రాత్రి, వాటికి అంతకంటే మంచి ఇల్లు ఏముంటది? మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల కాడ నిలవెట్టే బండ్లైతే చెప్పే పనే లేదు.

పోయిన సలికాలం ఒక బండి వచ్చింది. స్టార్ట్ కాదు. చెక్ ఇంజన్ లైటు, బ్రేక్ లైటు, స్టీరింగ్ లైటు అన్ని ఒక్కపారి వెలుగుతున్నయి. స్కానర్ల బ్రేక్ కంప్యూటర్ పలికింది, యు0100 అనే కోడ్ ఇచ్చింది. ఇంజన్ కంప్యూటర్‌తోటి మాట తెగిపోయింది అని దాని అర్థం. చూడుండ్రి, 'పోయింది' అంటలేదు, 'మాట తెగింది' అంటున్నది. చెడిపోయినోడు వేరే, ఫోన్ కలవనోడు వేరే.

ఈ కంప్యూటర్లు మాట్లాడుకునేది రెండు వైర్ల మీద, ఒకదానికొకటి మెలేసి ఉంటయి. క్యాన్ అంటరు, బాష్ కంపెనీ 1986ల బయటపెట్టింది. ఆ తొవ్వకు రెండు చివర్లల్ల 120 ఓమ్స్ చొప్పున రెండు రెసిస్టర్లు ఉంటయి, ఎక్కువ బండ్లల్ల ఒకటి ఇంజన్ కంప్యూటర్ లోపలనే ఉంటది. బ్యాటరీ మైనస్ తీసి కాసేపు ఆగి, స్కానర్ పెట్టే 16 పిన్నుల కప్లర్‌ల 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూస్తే 60 రావాలె. ఆ బండిల 120 వచ్చింది. అంటే రెండు చివర్లల్ల ఒక చివర తెగి ఉన్నది. సున్న దగ్గరికి వస్తే రెండు వైర్లు ఒకదానికొకటి అంటుకున్నట్టు. కొన్ని బండ్లల్ల మధ్యల గేట్‌వే అనే ఇంకో కంప్యూటర్ ఉంటది, అక్కడ ఈ లెక్క సూటిగ రాదు. ఆ బండి వైరింగ్ బొమ్మ ముందుగాల చూసుకోవాలె.

నేను, నా దగ్గర పనిచేసే తమ్ముడు టార్చి పట్టుకొని ఎతికినం. పైకి ఏం కనపడలే. ఇంజన్‌లకు గాలి పోయే ఇంటేక్ మానిఫోల్డ్ కింద చెయ్యి పెట్టి ఆ తమ్ముడు తడిమితే వేళ్లకు వడ్ల పొట్టు తగిలింది. పొట్టును పట్టుకొని లోపలికి పోతే గూడు. గూడు ఎనుక వైరింగ్ టేపు కొరికి ఉన్నది, మెలేసిన జంటల ఒక వైరు తెగి, రెండోది తోలు ఊడి రాగి మెరుస్తున్నది. ఎనిమిది ఇంచుల వైరు ముక్క. టంకం పెట్టి, హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించి, రెండు అతుకులు పక్కపక్కన రాకుండ ఒకటి ముందు ఒకటి ఎనుక పెట్టి, మళ్ల మునుపటి లెక్కనే మెలేసినం. ఆ మెలి తీసెయ్యొద్దు. బయటి గోల రెండు వైర్లకు ఒక్కతీరు తగలాలనే అట్ల మెలేస్తరు. ఓమ్స్ 60కి వచ్చింది, బండి స్టార్ట్ అయింది. చుట్టి టేపు వేసే అతుకు వేసి ఉంటే ఆరు నెలలల్ల మళ్ల వచ్చేది.

ఐటీఐ పిల్లలు ఒకటి రాసుకోండ్రి. టెస్ట్ బల్బు పాత అలవాటు, మంచి అలవాటే, కానీ యాడ పెట్టాలెనో తెలియాలె. ఫ్యూజ్ బాక్సు కాడ, హెడ్‌లైట్ వైరుకు, పంపు రిలేకు 21 వాట్ల బల్బు పెట్టి చూసుడే సరైన పరీక్ష. బల్బు నిండుగ వెలిగితే ఆ వైరుకు బలం ఉన్నట్టు. అదే బల్బును సెన్సార్ వైరుకు, క్యాన్ వైరుకు పెడితే మీరే కంప్యూటర్‌ను చంపినోళ్లయితరు. 21 వాట్లంటే దగ్గర దగ్గర 1.75 ఆంపియర్లు, సెన్సార్ వైరు అంత మోయదు. అక్కడ మీటరే. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, వాటికి మీటర్ కూడా పెట్టొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లల్ల నారింజ రంగు వైర్లు వందల వోల్టులవి, ఆ శిక్షణ లేకుంటె ముట్టుకోనే వద్దు. కామన్ రెయిల్ డీజిల్ బండ్లల్ల ఇంజెక్టర్ తెరిచేటందుకు ఈసీఎం 12 వోల్టులను 60కి పైన ఎక్కిస్తది. నడిచే బండిల ఆ కప్లర్ ఇప్పి వేలు పెట్టకుండ్రి.

ఇంకో మోసం 5 వోల్టులది. సెన్సార్లకు ఈసీఎం తనే 5 వోల్టుల కరెంటు ఇస్తది. ఒక్క వైరే మూడు నాలుగు సెన్సార్లకు పంచుతది. అందుల ఒక్కటి షార్ట్ అయితే అందరి గిన్నె ఖాళీ. నీళ్లల్ల దిగొచ్చిన ఒక బండిల యాక్సిలరేటర్ పెడల్, థ్రాటిల్, మ్యాప్ సెన్సార్, అన్ని కోడ్లు ఒక్కపారి వచ్చినయి. దాంతోటి పి0642, అంటే సెన్సార్లకు పోయే ఆ వోల్టులు తక్కువైనయని. అప్పటికే ఓనర్ థ్రాటిల్ బాడీ కొని ఉన్నడు. మీటర్ పెడితే 5 రావాల్సిన కాడ 0.8 వచ్చింది. ఒక్కొక్క సెన్సార్ కప్లర్ పీక్కుంట మీటర్ చూసుకుంట పోయినం. ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సార్ కప్లర్ పీకంగనే 5.0కు ఎగిరింది. ఇంజనుకూ దానికీ పనే లేదనుకుంటం, కానీ తాగే చెరువు ఒక్కటే. నాలుగైదు కోడ్లు ఒక్కపారి వస్తే నాలుగైదు సామాన్లు పోలేదు, వాటన్నిటికి కలిసిన వైరు ఏదో అది ఎతకాలె.

నీళ్ల బండి గురించి ఇంకొక్కటి. 2020 అక్టోబర్ల హైదరాబాద్‌ల వానలు పడ్డప్పుడు మునిగిన బండ్లు ఎన్నో. అట్లాంటి బండి వస్తే తాళం తిప్పొద్దు. ముందు బ్యాటరీ మైనస్ తీయాలె. తడి కన్నా తడిల కరెంటు ఎక్కువ చెరుపు చేస్తది, పిన్నులు ఆ కరెంటుకే కరిగి చిలుం అయితయి. వైరు పోగుల సందులకెల్లి నీళ్లు పైకి పాకుతయి, దీపం ఒత్తిల నూనె పాకినట్టు. అందుకే కింద తడిస్తే రెండు నెలలకు పైన కప్లర్‌ల చిలుం కనపడ్తది. ఆ సంగతి ఓనర్‌కు ముందే చెప్పి పంపుండ్రి.

ఆ అన్న అడుగుతున్నడు, సెకండ్‌హ్యాండ్ ఈసీఎం పెట్టొచ్చునా అని. అన్నా, నిజంగనే పోయిందని తేలితే పెట్టొచ్చు. పార్ట్ నంబర్ అక్షరం అక్షరం కలవాలె, వేరే తాళానికి బండి స్టార్ట్ కాకుండ ఆపే ఇమ్మొబిలైజర్ డేటా పాతదాంట్ల నుంచి తీసి ఎక్కించాలె, లేకుంటె తాళం ఒప్పుకోదు. అందుకని చచ్చిన ఈసీఎం పారెయ్యకుండ్రి. కానీ పెట్టే ముందు పాతది ఎందుకు సచ్చిందో దొరకాలె. ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే ఒక కాయిల్ షార్ట్ అయి దాన్ని చంపి ఉంటే, కొత్తదాన్ని కూడా అదే కాయిల్ చంపుతది. కాయిళ్లు, ఇంజెక్టర్లు, పంపు రిలే, ఒక్కొక్కటి ఓమ్స్ చూడాలె. ఎక్కువ పెట్రోల్ బండ్లల్ల ఇంజెక్టర్ 12 నుంచి 16 ఓమ్స్ మధ్య ఉంటది, రెండో మూడో వస్తే దాన్ని తీసి పక్కన పెట్టుండ్రి. బండి నడిచినంక కూడా రాత్రి వదిలిపెట్టి, కంప్యూటర్లన్ని నిద్రపోయినంక బ్యాటరీ నుంచి ఎంత కరెంటు కారుతున్నదో చూడాలె. 50 మిల్లీ ఆంపియర్ల లోపల ఉండాలె. ఎక్కువుంటే దెబ్బ తిన్నది ఇంకోటి లోపల మిగిలే ఉన్నది.

ఇగ మాటలు చాలు. ఆ రైతు బయట చెట్టు కిందనే కూసున్నడు, పొద్దటి నుంచి చాయ కూడా తాగలే. మీటర్ ఉన్నోళ్లు మీటర్లు తీస్కోండ్రి, పిల్లలు టార్చి పట్టుకోండ్రి. ముందు 80 ఆంపియర్ల ఫ్యూజ్, తర్వాత ఈసీఎం ఫ్యూజ్, తర్వాత గేర్‌బాక్స్ మీది ఎర్త్ బోల్టు. ఆ కాయితం బానెట్ మీదనే పెడదాం. ఏది కొట్టేయాలెనో, ఏది ఉంచాలెనో మీరే చెప్పుండ్రి. రాండ్రి.